ఐదో గుండిగ

నరసన్నపేట నగరేశ్వరరావు పదిహేడేళ్ళు నాచేత కళాయి వేయించుకున్నాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుండిగలో చెయ్యి పెట్టి అడుగు తడిమి చూసిన పాపాన పోలేదు. అతనికి తెలిసిన కొలత మెరుపు ఒక్కటే. మెరిస్తే పని బాగున్నట్టు, మెరవకపోతే సోములు, అంటే నేను, సోమరిపోతు అయినట్టు. అలాంటి మనిషి నలభైమంది ఎదట నిలబడి, సోములుకి కళాయి వెయ్యడం రాదని అన్నాడు. అనడమే కాదు, నమ్మించాడు. అతని కొట్టు ఇప్పటికీ హైవే పక్కన అలాగే ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటసామాను అద్దెకి ఇస్తానే ఉన్నాడు. నా కొలిమి మాత్రం చల్లారి మూడేళ్ళయింది.

మేము కంచర్లం, ఇత్తడి పనివాళ్ళం. ఆరో తరగతిలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించి కొలిమి తిత్తి దగ్గర కూర్చోబెట్టాడు. అందుకని నాకు పుస్తకం భాష రాదు. కానీ ఇత్తడికి పులుపు పడదని, పుస్తకం చదివినవాళ్ళకంటే ముందే తెలుసు. చింతపండు రసమైనా, మజ్జిగైనా, నిమ్మకాయైనా ఒట్టి ఇత్తడిలో రాత్రంతా ఉంచితే ఇత్తడిని కొరుకుతుంది. కొరికిన చోట పచ్చగా కిలుము పుడుతుంది. అది విషం. అలా జరగకుండా ఇత్తడికీ కూడుకీ మధ్య తగరం పూత వేస్తాం. దాని పేరే కళాయి.

గుండిగని ముందు చింతపండుతో, ఇటుకపొడితో తోమాలి. నిప్పుల మీద బోర్లించి కాల్చాలి. వేడెక్కాక తిరగేసి లోపల నవాసాగరం చల్లాలి. నవాసాగరం చూడటానికి ఉప్పులాగే ఉంటుంది. వేడి తగలగానే గుప్పున తెల్లపొగ లేచి, ముక్కూ కళ్ళూ మండిస్తుంది. ఆ పొగతోపాటే ఇత్తడి మీద మసకంతా పోతుంది. అప్పుడు తగరం కడ్డీ ఆనిస్తే నీళ్ళలా కరుగుతుంది, దూదితో నాలుగు పక్కలకీ లాగెయ్యాలి. చివరగా గుండిగ నిండా బూడిద నీళ్ళు పోసి, మడత అంచు సందుల్లోకి కూడా పోయేలా కాసేపు ఉంచి కడగాలి. నవాసాగరం మిగులు ఏమైనా ఉంటే ఆ సందుల్లోనే ఉంటుంది. బూడిద నీళ్ళు పడందే గుండిగ కొలిమి పాక దాటకూడదని మా నాయన పట్టు. ఎందుకని అడిగితే వాళ్ళ నాయన చెప్పాడనేవాడు. అంతకుమించి ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

2016లో రథసప్తమికి రెండురోజుల ముందు నగరేశ్వరరావువి ఐదు పెద్ద గుండిగలు నా దగ్గరికి వచ్చాయి. అరసవల్లిలో ఎవరో పండగపూట అన్నదానం పెట్టుకున్నారు. ఐదింటికీ కళాయి వేశాను. తగరంలో కక్కుర్తి పడలేదు. ఏ గుడిలో ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను. ఐదోదానికి పూత అయ్యి, ఐదింటినీ కలిపి కడుగుదామని బూడిద నీళ్ళ తొట్టి ముందుకు లాగుతుండగానే వ్యాను వచ్చేసింది. వ్యానుతో లక్ష్ముడు వచ్చాడు. నగరేశ్వరరావు కొట్లో సామాను తోమేవాడు, వరసకి నాకు బావమరిది. ఓనరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడని, సాయంత్రానికల్లా అరసవల్లిలో దించకపోతే తన కూలి కోసేస్తాడని తొందర పెట్టాడు. ఇంకొక్క అరగంట ఆగమంటే ఆగేవాడే. నేను అడగలేదు. ఐదింటినీ ఒట్టి మంచినీళ్ళతో ఒకసారి తొలిపి ఎక్కించేశాను.

అరసవల్లిలో నాలుగు గుండిగల్లో కూరలు, పప్పు వండారు. అన్నిటికంటే పెద్దదైన ఐదోదాంట్లో ఒట్టి అన్నం వార్చారు. పండగ అయిన మూడోరోజు నా కూలి కోసం కొట్టుకి వెళ్ళాను. పెరట్లో లక్ష్ముడు ఆ ఐదు గుండిగల్నీ వరసగా పెట్టుకుని కడుగుతున్నాడు. పక్కన పసుపురంగు నీళ్ళ డబ్బా ఉంది. మూత తీసి ఉండటంతో వాసన నాకు గుమ్మంలోనే తగిలింది. గుండిగలోంచి ఒలికిన చోట సిమెంటు గచ్చు నురగలు కక్కుతోంది. మరుగుదొడ్డి బండలు కడిగే యాసిడ్ అది.

"ఒరే లచ్చుడూ, అది తగరాన్ని తినేస్తాదిరా. పదిరోజులు కూడా ఉండదు పూత" అన్నాను.

వాడు తలెత్తకుండానే నవ్వాడు. "రోజుకి ముప్పై గుండిగలు బావా. నీ సింతపండుతో తోముకుంటూ కూకుంటే నాకు పెళ్ళాం మొగం గురుతుండదు. ఓనరే తెచ్చి పడేసినాడు, తళతళలాడాలని."

నేను ముందుకొచ్చి గల్లాపెట్టె దగ్గర ఉన్న నగరేశ్వరరావుకి అదే మాట చెప్పాను. కళాయి పోతే నీకే కదా పని, ఏడాదికి ఒకసారి వేసేవాడివి రెండుసార్లు వేస్తావు, సంతోషించు, అన్నాడు. నా కూలి ఇచ్చాడు. అతను నవ్వితే నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. ఆరోజు గొడవ పెట్టుకుని ఆ ఐదింటినీ వెనక్కి తీసుకొచ్చెయ్యాల్సింది.

ఆ తర్వాత వారానికి, ఐదింట్లో నాలుగు గుండిగలు హరిబాబు చిన్నకూతురి పెళ్ళికి వెళ్ళాయి.

హరిబాబుది చేపల వ్యాపారం. సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఐసు పెట్టెల్లో చేపలు సర్ది విశాఖపట్నం పంపుతాడు. వాళ్ళింట్లో ఇత్తడి సామానుకి ఏటా నేనే కళాయి వేసేవాణ్ణి. హరిబాబు తల్లి లక్ష్మణమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుని, పొగకి దగ్గుతూ కూడా లేచేది కాదు. కూతురి కాపురం చూసుకున్నట్టు గిన్నెల్ని చూసుకునేది. నా పనిని చేత్తో తడిమి చూసిన మనుషుల్లో ఆమె ఒకతె.

పెళ్ళివారు పొద్దున్న ఫలహారానికని ముందురోజు సాయంత్రమే పులిహోర కలిపి గుండిగల్లో ఉంచేశారు. కళాయి ఉన్న గుండిగలో పులిహోర ఉంచడం ఈ జిల్లాలో కొత్తేం కాదు. పొద్దున్న తిన్న గంటకే వాంతులు మొదలయ్యాయి. ముప్పైయేడు మంది పడ్డారు. లక్ష్మణమ్మ షుగరు మాత్ర వేసుకోవాలని అందరికంటే ముందే తింది. మిగతావాళ్ళు రెండుమూడు రోజుల్లో తేరుకున్నారు. ఆమె శ్రీకాకుళం ఆసుపత్రిలో తొమ్మిదోరోజున పోయింది. కాయితంలో కలుషిత ఆహారం అని రాశారు. మిగిలిన పులిహోర ఆ గాబరాలో ఎప్పుడో గోతిలో పోసి కప్పెట్టేశారు. గుండిగల అడుగున పచ్చగా కనపడిందని వంటమనిషి చెప్పాడు.

ఈ కబురు నాకు చేరేలోపే నగరేశ్వరరావు కారేసుకుని హరిబాబు ఇంటికి వెళ్ళొచ్చాడు. పరామర్శించాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు, గుండిగల అద్దె వద్దన్నాడు. వచ్చేముందు, కళాయి పెళ్ళికి పదిపన్నెండు రోజుల ముందే వేయించానని, సోములు తగరం మిగుల్చుకుని పల్చగా పూసుంటాడని చెప్పి వచ్చాడు. హరిబాబు పోలీసు కేసు వద్దనుకున్నాడు. కొత్త పెళ్ళికూతురి పేరు స్టేషనులో నలగడం అతనికి ఇష్టం లేదు. పన్నెండోరోజు వెళ్ళాక పెద్దల్ని కూర్చోబెడతానని, తప్పు ఎవరిదని తేలితే వాళ్ళు కట్టాలని కబురు పెట్టాడు.

కట్టడానికి నా దగ్గర ఏముంది. కొలిమి, తిత్తి, మా అమ్మ తాలూకు కాస్త పల్లం. తప్పు నాదని తేలితే ఆ భూమి పోతుంది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఏ ఇల్లాలూ నా చేతికి గిన్నె ఇవ్వదు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. యాసిడ్ సంగతి చెప్పమని లక్ష్ముణ్ణి బతిమాలాను. వాడు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ముగ్గురు పిల్లలున్నారు బావా, నన్ను ఇందులోకి లాగకు, అన్నాడు.

ఉపాయం మా ఆవిడ వల్ల దొరికింది. ఆమె మేనకోడలి కాళ్ళకి పెట్టడానికి పసుపూ సున్నమూ కలిపి పారాణి చేస్తోంది. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడటం అందరూ చూసిందే. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క పడితే మళ్ళీ పసుపైపోతుంది. పులుపు ఏదైనా అంతే. యాసిడ్ అన్ని పులుపులకీ తాత. గుండిగ మడత అంచు సందులో యాసిడ్ మిగిలుంటే పారాణి గుడ్డ పసుపు రంగుకి తిరగాలి.

పెళ్ళికి వెళ్ళిన నాలుగూ పనికిరావు. వాటిలో చింతపండు పడింది కనక గుడ్డ ఎలాగూ తిరుగుతుంది. ఐదోది ఉంది. దాంట్లో ఒట్టి అన్నమే వండారు, పెళ్ళికి వెళ్ళలేదు. ఐదో గుండిగని పెద్దల ముందుకి తెప్పించమని హరిబాబుని అడిగాను. తెప్పిస్తానన్నాడు.

ఆదివారం పొద్దున్న హరిబాబు చేపలు తూచే రేకుల షెడ్డులో కూర్చున్నాం. పెద్దమనిషి నారాయణమూర్తి బెంచీ మీద, నగరేశ్వరరావు ప్లాస్టిక్ కుర్చీలో, నేను కింద. హరిబాబు తల గొరిగించుకుని ఉన్నాడు. ఆడవాళ్ళు గోడవార నిలబడ్డారు. వాళ్ళలో హరిబాబు పెద్దకూతురు దీపిక ఉంది. గరివిడి దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. నాయనమ్మ పెంచిన పిల్ల, చిన్నప్పుడు నా కొలిమి పక్కన ఆడుకునేది.

ముందు నగరేశ్వరరావు మాట్లాడాడు. తన కొట్లో యాసిడ్ అనేదే లేదన్నాడు. సామానంతా సబ్బుపొడితో తోమిస్తామన్నాడు. పదిహేడేళ్ళు ఈ మనిషిని నమ్మి పని ఇచ్చినందుకు తన మొహాన మసి పడిందన్నాడు. కళాయి వెయ్యడం రానివాడు వచ్చని చెప్పుకుంటే ఇలాగే అవుతుందన్నాడు.

నన్ను చెప్పమన్నారు. నేను చెప్పలేదు, చూపించాను. తెల్లగుడ్డ పీలిక తీసి పారాణిలో ముంచి పిండాను. ఎర్రగా అయింది. ఆడవాళ్ళని ఒక నిమ్మచెక్క ఇమ్మని, గుడ్డ కొసన పిండాను. కొస పసుపైంది. వాళ్ళెవరికీ ఆశ్చర్యం లేదు, రోజూ చూసేదే. నారాయణమూర్తి మాత్రం ముందుకి వంగాడు. ఇప్పుడు సూడండి బాబూ అని, ఐదో గుండిగ అంచు మడత మీద నీళ్ళు చిలకరించి, ఎర్రగా ఉన్న కొసని ఆ సందులో దూర్చి చుట్టూరా తిప్పాను. బయటికి తీస్తే పసుపు.

నగరేశ్వరరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఏటి సావుకారు, సబ్బుపొడి అన్నావు. సబ్బయితే ఎరుపు పోదు కదా" అన్నాడు నారాయణమూర్తి.

నగరేశ్వరరావు రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒక్క నిమిషం నా బతుకులో గట్టి నిమిషం. గెలిచాననుకున్నాను. ఇంతలో దీపిక గోడ దగ్గరనుంచి వచ్చి ఆ గుడ్డ ఇమ్మంది. చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం మారడం నేను చూశాను.

"మావా, నీ సంచీలో నవాసాగరం ఉన్నాదా?"

ఉంది. ఇచ్చాను. ఆమె చిటికెడు తీసి అరచేతిలో నీళ్ళతో తడిపింది. పారాణిలో ముంచిన ఇంకో పీలిక దాని మీద అద్దింది. ఎరుపు మెల్లమెల్లగా వెలిసిపోయి పసుపైంది. దాంతోపాటే ఘాటు వాసన వచ్చింది, నా కొలిమి వాసన. వాళ్ళిళ్ళల్లో ఏటా గిన్నెలకి కళాయి వేయించుకున్న ఆడవాళ్ళందరికీ ఆ వాసన తెలుసు.

దీపిక నెమ్మదిగా, బళ్ళో చెప్పినట్టే చెప్పింది. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణం పుడుతుంది, అంటే ఉప్పు. మనం తినే ఉప్పు ఎటూ మొగ్గదు. నవాసాగరం కూడా ఉప్పే, కాకపోతే బలమైన ఆమ్లానికీ బలంలేని క్షారానికీ పుట్టింది. నీళ్ళు తగిలితే ఆమ్లం గుణం చూపిస్తుంది. సున్నం తగిలితే ఆ క్షారాన్ని ఘాటువాసనగా వదిలేస్తుంది. అందుకని గుడ్డ రంగు తిరిగిందంటే అది యాసిడ్ వల్ల కావచ్చు, నవాసాగరం వల్ల కావచ్చు. ఈ గుడ్డని బట్టి తేల్చలేం.

నలభై ఏళ్ళుగా ఆ ఉప్పు చేత్తో పట్టుకున్నాను. దాని కడుపులో యాసిడ్ బుద్ధి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

"అయితే ఒకటి మావా" అంది దీపిక. "కళాయి అయినాక బూడిద నీళ్ళు పోసి కడుగుతావు కదా. నాకు తెలుసు, సిన్నప్పుడు సూసినాను. బూడిద నీళ్ళు క్షారం. నవాసాగరం అందులో ఆగదు, పోతాది. బూడిద నీళ్ళతో కడిగిన గుండిగ అయితే ఇప్పుడు అంచులో ఉన్నది యాసిడ్డే. దీన్ని నువ్వు కడిగినావా?"

ఆ పిల్ల నన్ను ఇరికించాలని అడగలేదు. బయటపడెయ్యాలనే అడిగింది. అది నాకు అప్పుడే తెలుసు. కడిగానమ్మా అంటే అయిపోయేది. పదిహేడేళ్ళూ కడిగాను. ఆ ఒక్కపూట కడగలేదని లక్ష్ముడికి తప్ప ఎవరికీ తెలియదు, వాడు నోరు విప్పడు. యాసిడ్ పోశారన్నది నిజం. నేను ఒక్క చిన్న అబద్ధం ఆడితే ఆ పెద్ద నిజం నిలబడుతుంది.

షెడ్డు గోడకి లక్ష్మణమ్మ ఫోటో ఆనించి ఉంది. దండ వాడిపోయింది. ఆమె పీట వేసుకుని కూర్చుని, బూడిద నీళ్ళు పోశావేటిరా అని ప్రతిసారీ అడిగేది. పొయ్యకుండా పోశానని ఆమెతో నేను ఏనాడూ చెప్పలేదు. ఆమె మనవరాలు అదే మాట అడుగుతుంటే నాకు అబద్ధం రాలేదు.

"ఆపూట కడగలేదమ్మా" అన్నాను. "వ్యాను వచ్చేసినాది."

నగరేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. "ఇన్నారా. ఆడి నోటితోనే అన్నాడు, కడగలేదని. కడక్కుండా ఇచ్చిన గుండిగలో కూడు తిని ముసలమ్మ పోయినాది. ఇంకేటి కావాలి?"

దీపిక గట్టిగానే చెప్పింది. నవాసాగరం మిగులు కాస్త ఉన్నా మనిషి చావడని, చంపింది ఇత్తడిలోంచి వచ్చిన కిలుమని, తగరం పోబట్టే కిలుము పుట్టిందని, ఇంత తొందరగా తగరం పోవాలంటే యాసిడ్ పడుండాలని, గుండిగని లాబుకి పంపితే తెలుస్తుందని. ఒక్కరూ వినలేదు. కడగలేదన్న మాట షెడ్డులో ఆ చివరినుంచి ఈ చివరికి పాకిపోయింది. ఆడవాళ్ళలో ఒకామె, మా గిన్నెలు కూడా కడిగాడో లేదో అంది. వాళ్ళందరికీ కడగకపోవడం అంటే ఒకటే అర్థం. ఎంగిలి కంచం కడక్కుండా కూడు పెట్టినట్టు.

నారాయణమూర్తి నన్ను అడిగాడు, యాసిడ్ పోస్తుండగా చూసినవాళ్ళు నువ్వు కాక ఎవరైనా ఉన్నారా అని. నేను లక్ష్ముడి వైపు చూశాను. వాడు షెడ్డు బయట వ్యాను చక్రానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. లేరన్నాను.

చివరికి తేల్చమని నారాయణమూర్తి హరిబాబుని అడిగాడు.

"నాకు డబ్బులొద్దు. మా అమ్మని తూకం ఏసుకుని డబ్బులు తీసుకున్నట్టు ఉంటాది. కానీ ఈడికి ఏదో ఒకటి పోవాల. పోకపోతే రేపు ఇంకోడి అమ్మ పోతాది."

హరిబాబు ఏదో ఒకటి పోవాలన్నాడు కనక పెద్దలు నా భూమి ఇమ్మన్నారు. లక్ష్మణమ్మ పేరున ఏటా అన్నం పెట్టడానికి ఆ పంట ఉపయోగిస్తారట. నగరేశ్వరరావు గుండిగల అద్దె ముందే వదిలేసుకున్నాడు కనక అతని వంతు తీరిందన్నారు. అతను అందరికీ దండం పెట్టి కారెక్కాడు. ఐదో గుండిగని లక్ష్ముడు వ్యానులోకి ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు నా వైపు చూడలేదు.

దీపిక తర్వాత ఒకసారి మా ఇంటికి వచ్చింది. ఆ గుండిగ కోసం కొట్టుకి వెళ్తే, పాతసామానులో అమ్మేశానని నగరేశ్వరరావు చెప్పాడట. పెళ్ళికి వెళ్ళిన నాలుగూ కూడా అమ్మేశాడు. ఇప్పుడన్నీ స్టీలువే అద్దెకిస్తున్నాడు. ఆమె మా అరుగు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. నేను ఆ గుడ్డ ముట్టుకోకుండా ఉండాల్సింది మావా, అంది. లేదమ్మా, నువ్వు ఉన్నదే చెప్పావు, అన్నాను. పైకి అలా అన్నాను. ఆ పిల్ల గోడ దగ్గరే నిలబడి ఉంటే బాగుండునని లోపల ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. మళ్ళీ అంతలోనే, ఆ వ్యానుని అరగంట ఆపుంటే ఆ పిల్ల ప్రశ్నే నన్ను కాపాడేది కదా అనీ అనుకుంటాను. ఈ రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి చంపుకోవు. రెండూ అలాగే ఉన్నాయి.

కొలిమి ఇంకో రెండేళ్ళు వెలిగించాను. గిన్నె తెచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు బస్టాండు దగ్గర ఒక హోటల్లో స్టీలు పళ్ళాలు కడుగుతున్నాను, సబ్బునీళ్ళతో.

పెద్దలు తేల్చిన ఆ ఏడాదే, ఏప్రిల్ పదకొండో తారీఖు సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాను. నాకు పోయింది వంశధార కాలువ కింద, సర్వే నెంబరు నూట పద్నాలుగు బై రెండులో, యాభై మూడు సెంట్ల పల్లం.